బెదిరింపు వేరు, హద్దు వేరు

"ఇంకోసారి తాగితే ఇల్లు వదిలి వెళ్లిపోతా" అని పదిసార్లు అన్నా మీ ఆయనలో మార్పు లేదని మీ ఉత్తరంలో రాశారు. ఏమీ అనుకోకండి, అది బెదిరింపే కానీ హద్దు కాదు. అని చేయకపోతే ఆ మాటకు విలువ లేదని ఆయనకు తెలిసిపోతుంది.

తాగడం, మానడం ఆయన చేతిలో ఉంది. మీ చేతిలో ఉన్నవి వేరు, హద్దులంటే అవే: మత్తులో ఉన్నప్పుడు వాదనకు దిగను, ఆయన నడిపే బండిలో పిల్లల్ని ఎక్కించను, ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పను, మందు కోసం చేసిన అప్పు తీర్చను. వీటిలో కచ్చితంగా నిలబడగలిగినవి ఒకటో రెండో చాలు. పొద్దున మత్తు దిగాక రెండు ముక్కల్లో చెప్పేయండి. మొదట్లో గొడవ పెరుగుతుంది. మా ఇంట్లోనూ పెరిగింది, "మొగుణ్ణి గాలికొదిలేసింది" అని మా అత్తగారు నలుగురిలో అన్నారు కూడా. అయినా ఆ అబద్ధపు ఫోన్లు మళ్లీ చేయలేదు నేను.

సీసాలు పారబోసి ఒక్కసారిగా మాన్పించే పని మాత్రం పెట్టుకోకండి. ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూసుకుంటూ ఉండగానే మాన్పించాలి.

చెయ్యి చేసుకుంటే ఇక హద్దుల మాట లేదు, ముందు పిల్లలతో బయటపడండి. ముఖ్యమైన కాగితాలు, కొంత డబ్బు ఒక సంచిలో ఇప్పుడే సర్ది ఉంచండి.

1951లో మొదలైన అల్‌-అనాన్ అనే బృందం తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసమే, ఒకరికొకరు తోడుగా కూర్చుని మాట్లాడుకునే చోటు. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు.