డిగ్రీ చదువులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను ఇంటర్ సీఈసీ పూర్తి చేశాను. మాకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉన్నది. బీబీఏ చేసి దుకాణం చూసుకొమ్మని బాపు, బీఈడీ చేసి టీచర్ కావాలని అమ్మ అంటున్నారు. నాకేమో సైకాలజీ చదవాలని ఉన్నది. ముగ్గురి మాటా నిలబడే దారి ఉందా?
– ఒక విద్యార్థిని, నర్సంపేట

జవాబు: అమ్మా, మీ మాట, మీ అమ్మగారి మాట ఒకే డిగ్రీలో ఇముడుతాయి. మీ బాపు మాటకు బహుశా డిగ్రీతోనే పని లేదు.

ముందు బీఈడీ సంగతి. అది డిగ్రీ అయ్యాక చేసే చదువు. డిగ్రీలో కనీసం 50 శాతం మార్కులు ఉండాలి (రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది), ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్ రాయాలి, ఆపైన రెండేళ్లు చదవాలి. ఒకప్పుడు ఏడాదిలో ముగిసిన ఈ కోర్సు 2015 నుంచి రెండేళ్లదయింది. కాబట్టి ఇప్పుడే దాని గురించి తర్జనభర్జన అక్కరలేదు గాని, ఇప్పుడు ఎంచుకునే సబ్జెక్టులు రేపు అడ్డం తిరగకుండా చూసుకోవాలి. బీఈడీలో ఏ మెథడాలజీ (ఏ సబ్జెక్టు బోధనలో శిక్షణ) దొరుకుతుంది, తర్వాత ఏ పోస్టుకు దరఖాస్తు చేయవచ్చు అన్నవి డిగ్రీలో చదివిన సబ్జెక్టులను బట్టి తేలుతాయి. సైకాలజీతో పాటు చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం వంటి వాటిలో రెండు ఉన్న బీఏ తీసుకుంటే సాంఘికశాస్త్రం బోధించే దారి తెరిచి ఉంటుంది. అయిదో తరగతి లోపు పిల్లలకు చెప్పాలన్నది మీ అమ్మగారి ఉద్దేశమైతే మాత్రం లెక్క వేరు. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ పోస్టులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకు డీఈఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి, ఇంటర్ తర్వాతనే రెండేళ్ల ప్రాథమిక విద్యా డిప్లొమా, డీఎల్ఈడీ చేయాలి. సైన్సు గ్రూపుల పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, నాలుగేళ్ల బీఎస్సీ-బీఈడీ మన వరంగల్ నిట్‌లోనే ఉన్నదని, దానికి ప్రవేశపరీక్ష ఎన్‌సెట్ అని గుర్తుపెట్టుకోవాలి.

టీచర్ కావాలనుకునేవారికి సైకాలజీ వృథా కాదు. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో ఏ పేపరు రాసినా 150 మార్కులలో 30 శిశు వికాసం, బోధనాశాస్త్రం నుంచే వస్తాయి. పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి మనస్తత్వవేత్త పియాజే చెప్పిన వికాస దశలను పరీక్షకు ముందు వల్లెవేసే వారి నడుమ, వాటిని డిగ్రీలోనే నింపాదిగా చదివి, పక్కింటి నాలుగేళ్ల పాప మీద సరిచూసుకున్న మనిషి తేలికగా తెలిసిపోతుంది.

ఇక మీ బాపు మాట. బీబీఏలో అకౌంటింగ్, మార్కెటింగ్, సిబ్బంది నిర్వహణ, వ్యాపార చట్టాలు చెబుతారు. మంచి చదువే. 2024-25 నుంచి ఈ కోర్సుకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతి కూడా కావాలి కనుక, చేరేవారు కాలేజీలో ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి. అయితే పురుగుమందుల లైసెన్సుకు కేంద్ర నిబంధనలు కోరే చదువు వ్యవసాయం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రాల వంటిది; ఎంత మంచి మార్కులతో పాసైనా బీబీఏ ఆ జాబితాలోకి రాదు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే ఇన్‌పుట్ డీలర్ల కోసమే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ ‘మేనేజ్’ 2003లో మొదలుపెట్టిన ‘దేశీ’ డిప్లొమా ఉన్నది. ఏడాది కోర్సు, వారానికి ఒక రోజు తరగతి. దుకాణం మూయకుండానే చేసుకోవచ్చు.

పైగా మీ దుకాణం అసలు లెక్క ఉద్దెర పుస్తకంలో ఉంటుంది. వానకాలంలో రైతు పేరు మీద రాసిన పద్దు, మిర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు చేరి పైసలు చేతికొచ్చిన తర్వాత గాని కొట్టివేతకు రాదు. ఆ నెలలన్నీ మీ బాపు సొమ్ము ఆ పేజీలలోనే ఇరుక్కుని ఉంటుంది, అవతల కంపెనీకి కట్టవలసిన గడువు మాత్రం ఆగదు. వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజువారీగా నడవడానికి కావలసిన సొమ్ము) పేరుతో బీబీఏలో చెప్పే పాఠం ఇదే. ఒక సాయంత్రం ఆ పుస్తకం ముందేసుకొని, ఎవరి బాకీ ఎన్ని రోజుల నుంచి ఉన్నదో ఒక కాగితం మీద వేసి చూడండి. ఆ పనిలో పొద్దు తెలియకపోతే బీబీఏ గురించి మళ్లీ ఆలోచించండి. లెక్క పక్కకు పోయి, ఫలానా ఆయన అడగకముందే తెచ్చి ఎందుకు కడతాడు, ఇంకొకాయన దుకాణం ముందు నుంచి తల తిప్పుకొని ఎందుకు పోతాడు అన్న దాని మీదనే మనసు నిలిస్తే, బాపుతో ధైర్యంగా సైకాలజీ మాట చెప్పండి.

డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు కన్నా ముందు సబ్జెక్టుల కూర్పు చూడాలి. సైకాలజీ అన్ని కాలేజీలలో ఉండదు. ఆధార్‌తో జతపడిన ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ నంబరు ఎప్పుడో మార్చేసి, రిజిస్ట్రేషన్ చివరి రోజున మీసేవ చుట్టూ తిరగడం మంచిది కాదు.

ప్రశ్న: బీఏ సైకాలజీ దూరవిద్యలో చేసి, హనుమకొండలో కౌన్సెలింగ్ సెంటర్ పెట్టుకోవచ్చా?
– ఒక యువకుడు, జమ్మికుంట

జవాబు: బీఏతో ఆ పని తలపెట్టకండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు మీద రాసుకోవాలంటే పీజీ, దాని తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన వృత్తి శిక్షణ, ఆ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఉండాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆ మాటకు ఇదే అర్థం చెప్పింది. మందులు రాయడం సైకియాట్రిస్టు పని, ఆయన ముందు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు. దూరవిద్య ఆలోచన కూడా మానుకోవలసిందే: 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది. రెగ్యులర్ కాలేజీలో చేరండి.

ప్రశ్న: మా అబ్బాయి బీకాం చదువుతున్నాడు. నీతి గురించి కూడా ఒక పేపరు ఉన్నదట. ఇంట్లో చెప్పే మంచి మాటలకు పరీక్ష ఎందుకు?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: ఇంటర్‌లో నైతికత, మానవ విలువల పరీక్షను పిల్లలు మొక్కుబడిగా రాసి వచ్చిన అనుభవంతో మీరు అడుగుతున్నారు, నిజమే. కాని వ్యాపార నైతికత అంటే అబద్ధమాడరాదన్న సుభాషితం కాదు. మిర్చి రైతు ముడత పడిన ఆకు తెచ్చి మందు అడుగుతాడు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి; ఒకదాని మందు రెండోదానికి పనిచేయాలని లేదు. రెండు సీసాలూ అంటగడితే దుకాణదారుకు లాభం, ఆకును తిప్పి చూసి ఒకటే ఇస్తే రైతుకు మేలు. ఇందులో ఎవరూ అబద్ధమాడరు, బిల్లు కూడా సక్రమంగానే ఉంటుంది, అయినా తప్పు జరుగుతుంది. ఎక్కడ జరిగిందో విడమరచి చెప్పడం ఆ పేపరు పని. పెద్ద ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్ ఉన్నది: లేని నగదును లెక్కల్లో చూపించామని 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మనే లేఖ రాసి ఒప్పుకొన్నారు. అది కూడా బీకాం వాళ్లు చదివే బ్యాలెన్స్ షీటు మీదనే జరిగింది. మీ అబ్బాయికి సివిల్స్ ఆలోచన ఉంటే ఇంకో సంగతి: 2013 నుంచి మెయిన్స్‌లో నైతికత ఒక పూర్తి పేపరు, 250 మార్కులు.