మేడ మీద టార్పాలిన్, చేతిలో గులకరాయి

ప్రశ్న: మేము చెన్నై వేలచ్చేరిలో ఉంటున్నాం. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 మిచౌంగ్ తుపానులోనూ మా కింది అంతస్తుల వారు మేడ మీదే తలదాచుకోవలసి వచ్చింది. మడిచి మోయగల చవకైన గుడారాలు పది కుటుంబాలకు ముందే చేయించి పెట్టుకోవాలనుకుంటున్నాం. అట్ట మేలా, అల్యూమినియం మేలా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ఆ రెండూ మీకు అక్కర్లేదు. అట్ట అనగానే జపాన్ వాస్తుశిల్పి షిగెరు బాన్ గుర్తుకు రావడం సహజం. కోబె (1995), భుజ్ (2001) భూకంపాల తరువాత ఆయన కాగితపు గొట్టాలతో ఇళ్లు కట్టించారు. అయితే అంతకు ముందు రువాండా శరణార్థులు తమకిచ్చిన అల్యూమినియం గొట్టాలను అమ్ముకుని, గుంజల కోసం చెట్లు నరికారు. కాగితపు గొట్టాన్ని అమ్ముకుంటే ఏమీ రాదు కనుక ఆయన అక్కడ దాన్ని సూచించారు. మీ ఊళ్లో పందిళ్లకు వాడే సరుగుడు కర్రలు ఉండగా మీకా చిక్కే లేదు.

ఖర్చు పెట్టవలసింది పైన కప్పే టార్పాలిన్ పట్టా మీద. విపత్తు సహాయంలో అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల నీడ, అంటే నలుగురికి 14 చదరపు మీటర్లు కావాలి. సహాయ సంస్థలు పంచే 4×6 మీటర్ల టార్పాలిన్‌ను వాలుగా కట్టినా అంత చోటు దక్కుతుంది. గాలికి ముందుగా చిరిగేది అంచున ఉండే రింగుల దగ్గరే. అలా చిరిగినచోట ఒక నున్నటి గులకరాయిని పట్టా లోపలివైపు పెట్టి, గుడ్డలో రూపాయి మూట కట్టినట్టు దాని మెడకు తాడు బిగిస్తే ముడి జారదు. కాంక్రీటు మేడలో మేకులు దిగవు కాబట్టి తాళ్లను పిట్టగోడ స్తంభాలకే కట్టాలి. తాళ్లకు బరువుగా నీళ్ల క్యాన్లు కడదామంటే, నీళ్లు నింపిన 20 లీటర్ల క్యాను బరువు 20 కిలోలే. ఈదురుగాలికి అది చాలదు. తుపాను గాలి తగ్గేదాకా పట్టా కట్టనే కూడదు, అంతవరకూ పై అంతస్తు వరండాలే దిక్కు.

ఆ క్యాను వేరే పనికి వస్తుంది. 67 మిల్లీగ్రాముల NaDCC రకం క్లోరిన్ మాత్ర ఒకటి సరిగ్గా 20 లీటర్ల తేట నీటికి సరిపోతుంది. నీరు మురికిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టి, రెండు మాత్రలు వేయాలి. ఎలాగైనా మాత్ర వేశాక అరగంట ఆగి తాగాలి. మాత్రల గడువు తేదీని అవి ఉంచిన సంచి పైనే పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు రాకముందే ఒక ఆదివారం, మీలో ఇంజనీర్లుంటే వారిని చెయ్యి వేయనివ్వకుండా, మిగిలినవారి చేత ఒక పట్టా కట్టించి చూడండి; ఎవరైనా కట్టగలరో లేదో అప్పుడే తెలుస్తుంది.