బరువుల సంగతి తర్వాత, ముందు రక్తస్రావానికి కారణం తెలియాలి

ప్రశ్న: నా వయసు 48 ఏళ్లు. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక, ఆరు నెలలుగా జిమ్‌లో బరువులెత్తడం నేర్చుకుంటున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత నా కోసం నేను చేసుకుంటున్న పని ఇదొక్కటే. అది మగవాళ్ల పని అనీ, ఒళ్లు మగవాళ్లలా తయారవుతుందనీ, గర్భసంచి జారుతుందనీ మావారు, అత్తగారు అంటున్నారు. నాలుగు నెలలుగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటోంది, మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని ఆపుకుంటున్నాను. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. జిమ్ మానేయమంటారా?

సలహా: అమ్మా, మీరు బరువుల గురించి ఎంతో రాసి, రక్తస్రావాన్ని ఒక్క వాక్యంలో ముగించారు. నాకు ఆందోళన కలిగించింది ఆ వాక్యమే. మెనోపాజ్‌కు, అంటే నెలసరి పూర్తిగా ఆగిపోయే దశకు ముందు కొన్నేళ్లు కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. అప్పుడు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారుకాక, ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోన్ ప్రభావంతో గర్భాశయం లోపలి పొర మందంగా పెరిగి, రక్తస్రావం అధికమవుతుంది. మీ విషయంలోనూ కారణం ఇదే కావచ్చు. కానీ గర్భాశయంలో గడ్డలు, పాలిప్‌లు (లోపలి పొరపై పెరిగే చిన్న కండలు), థైరాయిడ్ లోపం, అరుదుగా లోపలి పొరలో మొదలయ్యే క్యాన్సర్ కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి, పరీక్షించకుండా ఇది ఫలానా అని ఉత్తరంలో చెప్పడం నాకు సాధ్యం కాదు.

మీరు వాడుతున్న మాత్రల పేరు రాయలేదు. ఇలాంటప్పుడు సాధారణంగా ఇచ్చేవి హార్మోన్ మాత్రలు. అవి రక్తాన్ని ఆపుతాయే గాని కారణాన్ని తొలగించవు, మానేసిన రెండు మూడు రోజులకు మళ్లీ రక్తస్రావం మొదలవుతుంది, దాన్ని చూసి మళ్లీ అవే వేసుకుంటారు, ఈలోగా నెలలు గడిచిపోతాయి. గతంలో రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టినవారికి, కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇవి ప్రమాదకరం కావచ్చు. పిల్లవాడికి మూడు రోజులు జ్వరం తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తే తల్లి, తనకు నాలుగు నెలలుగా రక్తం పోతున్నా ఆడవాళ్లకు ఇవన్నీ మామూలే అని ఊరుకోవడం నేను తరచూ చూస్తున్నాను. ఈ ఊరుకోవడాన్ని ఇంట్లో ఎవరూ తప్పుపట్టరు. ఆలస్యానికి అసలు కారణం అదే. దయచేసి ఇకమీదట ఆ మాత్రలను సొంతంగా కొనకండి.

ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను తెలిపేది), థైరాయిడ్, అల్ట్రాసౌండ్ పరీక్షలు అవసరమవుతాయి. ఈ వయసులోనూ గర్భం వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆ పరీక్ష కూడా చేస్తారు. 45 దాటినవారికి సాధారణంగా గర్భాశయం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు, దానికి భయపడనక్కరలేదు. హిమోగ్లోబిన్ 12 గ్రాములకన్నా తక్కువైతే రక్తహీనత ఉన్నట్టే, మీ ఆయాసానికి అది కారణం కావచ్చు. అయినా బీపీ, గుండె పరీక్షలు కూడా చేయించుకోండి.

ఇక మీరు అడిగింది. కండలు పెంచే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ స్త్రీలలో చాలా తక్కువ, బరువులెత్తినంత మాత్రాన ఒళ్లు మగవాళ్లలా మారదు. మెనోపాజ్ చుట్టూ ఎముకలు వేగంగా పలచబడతాయి గనుక, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం మీకు మేలే చేస్తుంది. రిపోర్టులు వచ్చేదాకా మాత్రం పెద్ద బరువులు ఆపి, ఆయాసం రానంత మేరకు నడవండి. పొత్తికడుపు కింద బరువుగా అనిపించినా, బరువెత్తినప్పుడు మూత్రం చుక్కలుగా పడినా డాక్టరుకు చెప్పండి. అలాంటివేమీ లేకపోతే, రక్తహీనత సరిదిద్దుకున్నాక, శిక్షకుల పర్యవేక్షణలో మళ్లీ మొదలుపెట్టవచ్చు.

గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరుసగా తడిసినా, కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్టను, నెలసరి తేదీలు రాసుకున్న కాగితాన్ని, వీలైతే మీవారినీ వెంట తీసుకెళ్లండి. గర్భసంచి గురించి ఆయనకున్న అనుమానాన్ని మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు చేతనే చెప్పించుకోవచ్చు.