మెల్‌బోర్న్ కోర్టుల మీద మీ ప్రశ్నలు

జనవరి వచ్చిందంటే ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో సగం ఆస్ట్రేలియన్ ఓపెన్ మీదే ఉంటాయి. మెల్‌బోర్న్ మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కదా, అక్కడ పగటి మ్యాచ్‌లు మొదలయ్యేసరికి మనకు తెల్లవారుతుంటుంది, రాత్రి మ్యాచ్‌లు మన భోజనాల వేళకు మొదలై మామూలుగా మన నిద్రవేళ లోపే అయిపోతాయి. నిద్ర మానుకోకుండా చూడగలిగే గ్రాండ్‌స్లామ్ (ఏడాదిలో జరిగే నాలుగు అతిపెద్ద టెన్నిస్ టోర్నమెంట్లలో ఒకటి) ఇది. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ఆడవాళ్ళు మూడు సెట్ల మ్యాచ్ ఆడతారు, మగవాళ్ళు ఐదు సెట్లు. ప్రైజ్ మనీ మాత్రం ఇద్దరికీ ఒకటే. తక్కువ పనికి అదే జీతం ఇచ్చినట్టు కాదా? – బ్యాంకు ఉద్యోగి, వరంగల్

కాదండి. నా దృష్టిలో ఇది పూర్తిగా న్యాయం, ఎందుకో కాస్త వివరంగానే చెబుతాను.

టెన్నిస్‌లో గంటల లెక్కన డబ్బు ఇవ్వడం ఎక్కడా లేదు. మొదటి రౌండులో గంటన్నరలో వరసగా మూడు సెట్లు గెలిచేసి హోటల్‌కి వెళ్ళిపోయిన మగాడికీ, ఐదు సెట్లు, ఐదు గంటలు ఆడి కాళ్ళీడ్చుకుంటూ బయటికొచ్చినవాడికీ అందేది ఒకటే మొత్తం. వాళ్ళిద్దరికీ తేడా ఉండాలని ఇన్నేళ్ళలో ఒక్క పాఠకుడు కూడా నాకు రాయలేదు. గడియారం చూడడం ఆడవాళ్ళ విషయంలోనే ఎందుకు మొదలవుతుందో మీరే ఆలోచించండి.

రెండోది, మూడు సెట్లు చాలని పెట్టిన రూలు టోర్నమెంట్లు నడిపేవాళ్ళది, ఆడేవాళ్ళది కాదు. 1984 నుంచి 1998 దాకా మహిళల సీజన్ చివరి టోర్నమెంట్‌లో ఫైనల్‌ని ఐదు సెట్ల పద్ధతిలోనే ఆడించారు. 1996లో స్టెఫీ గ్రాఫ్, మార్టినా హింగిస్ ఐదో సెట్ దాకా వెళ్ళారు కూడా. తర్వాత ఆ పద్ధతి తీసేశారు. ఇటు మగవాళ్ళు కూడా గ్రాండ్‌స్లామ్‌లు దాటి బయటికొస్తే ఆడేది మూడు సెట్లే. ఇండియన్ వెల్స్, మయామి రెండూ ఆడా మగా కలిసి ఆడే హార్డ్ కోర్టు టోర్నమెంట్లే, అక్కడ సెట్లూ సమానమే, డబ్బూ సమానమే. అప్పుడు ఈ వాదన ఏమవుతుంది?

మూడు సెట్లంటే చిన్న పని అనుకునేవాళ్ళకి నేను 2011లో ఇదే మెల్‌బోర్న్‌లో జరిగిన ఒక నాలుగో రౌండు మ్యాచ్ చూడమని చెబుతాను. ఫ్రాన్సెస్కా షియవోనె, స్వెత్లానా కుజ్నెత్సోవా. 4 గంటల 44 నిమిషాలు. మూడో సెట్ 16-14. ఆరు మ్యాచ్ పాయింట్లు (ఒక్క పాయింటు పోతే మ్యాచే పోయే క్షణాలు) కాచుకుని షియవోనె గెలిచింది. అప్పట్లో అక్కడ చివరి సెట్‌కి టైబ్రేక్, అంటే సమంగా ఉన్న సెట్‌ని తేల్చే ప్రత్యేక గేమ్, లేదు, ఎవరో ఒకరు రెండు గేమ్‌ల తేడా తెచ్చేదాకా ఆడుతూ ఉండాల్సిందే (2019 నుంచి 6-6 దగ్గర పది పాయింట్ల టైబ్రేక్ పెట్టారు). చివరి సెట్‌లో ఇద్దరూ ట్రైనర్‌ని పిలిపించుకుని, కాళ్ళకు కట్లు కట్టించుకుని మళ్ళీ లేచి వెళ్ళి ఆడారు. ఆ సెట్ చూశాక తక్కువ పని అనే మాట నా నోట రాదు.

ఈ సమానత్వం ఎవరో దయతలచి ఇచ్చిందీ కాదు. 1972 యూఎస్ ఓపెన్ గెలిచిన బిల్లీ జీన్ కింగ్‌కి 10 వేల డాలర్లు ఇచ్చి, మగవాళ్ళలో గెలిచిన ఇలీ నస్టాసేకి 25 వేలు ఇచ్చారు. ఇలాగైతే వచ్చే ఏడాది ఆడేది లేదని ఆవిడ తెగేసి చెప్పింది, 1973లో యూఎస్ ఓపెన్ సమానం చేసింది. ఆస్ట్రేలియా మధ్యలో కొన్నేళ్ళు ఇచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకుని, 2001 నుంచి స్థిరపడింది. వింబుల్డన్‌కి 2007 దాకా మనసు రాలేదు. అడిగి, కొట్లాడి తెచ్చుకున్నది ఇది.

మెల్‌బోర్న్‌లో 40 డిగ్రీలు దాటితే ఆట ఆపేస్తారట. మాకు మే నెలలో 45 వచ్చినా పొలం పనులు ఆగవు. అంత సున్నితమా వాళ్ళు? – రెంటచింతల పాఠకుడు

రెంటచింతల నుంచి వచ్చిన ప్రశ్న కాబట్టి ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంటుంది! కానీ మీ ఊళ్ళో కూడా మిట్టమధ్యాహ్నం పని ఆపి నీడకు చేరతారు, పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగిస్తారు. టెన్నిస్ ఆటగాడికి ఆ వెసులుబాటు లేదు. ఒంటి గంటకు మ్యాచ్ అంటే ఒంటి గంటకే దిగాలి, పైగా పరుగెత్తాలి. కింద ఉన్నది నల్లమట్టి కాదు, తారో కాంక్రీటో పోసి రంగు పూసిన కోర్టు. పైనుంచి ఎండ, కింద నుంచి సెగ. బూటు అడుగు నుంచి వేడి పాదానికి ఎక్కుతుంది.

2014లో అక్కడ వరసగా నాలుగు రోజులు 40 దాటింది. కెనడా ఆటగాడు ఫ్రాంక్ డాన్సెవిక్ కోర్టులోనే స్పృహ తప్పి పడిపోయాడు, పడిపోయే ముందు కార్టూన్ కుక్క స్నూపీ కళ్ళముందు కనిపించిందని తర్వాత చెప్పాడు. నేల మీద పెట్టిన ప్లాస్టిక్ సీసా అడుగు కరిగిందని కరోలిన్ వోజ్నియాకి చెప్పింది. వడదెబ్బ అంటే ఏమిటో తెలిసిన మనం దాన్ని సున్నితం అనకూడదు.

ఇప్పుడు ఆపడానికి ఉష్ణోగ్రత ఒక్కటే చూడరు. 2019 నుంచి 1 నుంచి 5 దాకా ఒక స్కేలు పెట్టారు. నీడలో వేడి, ఎండ తీవ్రత, గాలిలో తేమ, గాలి వేగం, ఈ నాలుగూ కలిపి లెక్క కడతారు. 4కి చేరితే సెట్ల మధ్య పది నిమిషాల విరామం ఇస్తారు, ఆడవాళ్ళకి రెండో సెట్ తర్వాత, మగవాళ్ళకి మూడో సెట్ తర్వాత. 5కి చేరితే బయటి కోర్టుల్లో ఆట ఆగుతుంది, పైకప్పు ఉన్న మూడు స్టేడియాల్లో కప్పు మూసి కొనసాగిస్తారు. ఇక్కడ నాకు నచ్చని విషయం ఒకటుంది: కప్పు ఉన్న కోర్టులు ఎక్కువగా పేరున్నవాళ్ళకే దక్కుతాయి, బయట మాడేది ర్యాంకు తక్కువ ఉన్నవాళ్ళు. పాపం, క్వాలిఫయింగ్‌లో (ముందుగా జరిగే అర్హత పోటీల్లో) మూడు మ్యాచ్‌లు గెలిచి అలసిపోయి వచ్చినవాళ్ళూ వాళ్ళలోనే ఉంటారు.

హార్డ్ కోర్టు అంటే అన్నిచోట్లా ఒకటే కదా, మరి ఒక చోట బంతి నెమ్మదిగా వస్తోందని, ఇంకోచోట జారిపోతోందని ఎందుకంటారు? – ఇంటర్ విద్యార్థి, కర్నూలు

తేడా ఎక్కువగా ఇసుకలో ఉంటుంది. అడుగున కాంక్రీటో తారో, దాని మీద పొరలు పొరలుగా అక్రిలిక్ రంగు, ఆ రంగులో సన్నటి ఇసుక కలుపుతారు. ఇసుక ఎక్కువైనా, గరుకుగా ఉన్నా బంతి నేలను పట్టుకుని నెమ్మదిస్తుంది, ఎగురుతుంది కూడా. తక్కువైతే జారినట్టు దూసుకొస్తుంది. ఎంత కలపాలన్నది టోర్నమెంట్ వాళ్ళ ఇష్టం. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఈ వేగాన్ని కొలిచి నెమ్మది నుంచి వేగం దాకా ఐదు తరగతులు చేసింది.

ఆస్ట్రేలియన్ ఓపెన్ 1987 దాకా పచ్చిక మీదే జరిగింది. 1988లో కొత్త స్టేడియానికి మారినప్పుడు రీబౌండ్ ఏస్ అనే ఆకుపచ్చ కోర్టులు వేశారు. దానిలో రబ్బరు ఉండేది, వేడికి మెత్తబడి కాలు పట్టేసి చీలమండలు మెలిక పడుతున్నాయని ఆటగాళ్ళు గొడవపెట్టేవాళ్ళు. 2008లో నీలం ప్లెక్సీకుషన్ వచ్చింది, 2020 నుంచి గ్రీన్‌సెట్. ఇన్ని మారినా పచ్చిక మీదా హార్డ్ కోర్టు మీదా రెండిటి మీదా ఇక్కడ సింగిల్స్ గెలిచిన మగాడు మాట్స్ విలాండర్ ఒక్కడే.

బంతుల్ని కూడా గమనించు. మొదటి ఏడు గేమ్‌ల తర్వాత, ఆ తర్వాత ప్రతి తొమ్మిది గేమ్‌లకీ కొత్త బంతులు ఇస్తారు. వాడిన బంతి నూగు లేచి బరువుగా కనిపిస్తుంది, కొత్తది వచ్చిన గేమ్‌లో సర్వీస్ చేసేవాడు బంతిని పైకెత్తి అవతలివాడికి చూపిస్తాడు. అక్కడి నుంచి రెండు గేమ్‌లు శ్రద్ధగా చూడు, వేగం తేడా నీకే తెలుస్తుంది.

మా బాబుకి 12 ఏళ్ళు. సిమెంటు కోర్టు మీద రోజూ రెండు గంటలు ప్రాక్టీసు. మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్నాడు. కోచ్ గారేమో ఇదంతా మామూలే, అలవాటవుతుంది అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, విజయవాడ

అమ్మా, ముందు ప్రాక్టీసు ఆపించి ఎముకల డాక్టరుకి చూపించండి, మిగతాది తర్వాత. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద, కాలి ఎముక పైభాగాన నొక్కితే నొప్పిగా, కాస్త ఉబ్బుగా ఉంటే అది చాలామంది ఆటలాడే పిల్లల్లో వచ్చే సమస్యే. విశ్రాంతితో, వ్యాయామంతో సాధారణంగా తగ్గుతుంది. అయితే అది అవునో కాదో డాక్టరే చూసి చెప్పాలి. నొప్పిని ఓర్చుకుని ఆడితే అలవాటవుతుందన్న మాట మాత్రం నమ్మకండి.

ఇంకోటి, టీవీలో కనిపించే హార్డ్ కోర్టూ మన ఊళ్ళలో ఉండే ఉత్త సిమెంటు కోర్టూ ఒకటి కావు. మంచి కోర్టుల్లో పై పొరల కింద అదురు తగ్గించే మెత్తటి పొరలు వేస్తారు. సిమెంటు మీద ఆ అదురంతా పిల్లాడి కాళ్ళదే. దగ్గర్లో మట్టి కోర్టు ఉంటే వారంలో కొన్ని రోజులు అక్కడ ఆడనివ్వమని కోచ్‌ని గట్టిగా అడగండి, అడగడానికి మొహమాటపడకండి. బూట్లు చూడండి, పరుగుకి వాడే షూ వేసుకుని ఆడుతుంటే వెంటనే మార్చండి. దానికి పక్కల బలం ఉండదు, టెన్నిస్‌లో కాలు పక్కకి ఆగాలి కదా. అడుగున గీతలు అరిగి నున్నగా అయిన షూ కూడా ఇక పనికిరాదు. జొకోవిచ్ లాగా హార్డ్ కోర్టు మీద జారుతూ కొట్టడం పిల్లలు చూసి నేర్చుకుంటున్నారు, ఈ వయసులో దాన్ని అస్సలు ప్రోత్సహించవద్దు.

లైన్ల దగ్గర నిలబడి "అవుట్" అని అరిచేవాళ్ళు ఏమయ్యారు? – పెనుకొండ

2021లో కోవిడ్ వల్ల జనాన్ని తగ్గించాల్సివచ్చి అన్ని కోర్టుల్లోనూ కెమెరాలకే అప్పగించారు. అలా చేసిన మొదటి గ్రాండ్‌స్లామ్ ఇదే. మీరు వింటున్నది రికార్డు చేసిన గొంతు. 2025లో వింబుల్డన్ కూడా మారిపోయింది. ఎర్రమట్టి మీద బంతి మచ్చ పడుతుంది కాబట్టి పారిస్‌లో జరిగే ఫ్రెంచ్ ఓపెన్‌లో ఇంకా మనుషులే చూస్తున్నారు.

సానియా తర్వాత మనవాళ్ళెవరూ అక్కడ కనిపించరేం? హైదరాబాద్‌లో ఇలాంటి టోర్నమెంట్ పెట్టలేమా? – సికింద్రాబాద్

సానియా కథ మొదలైందే అక్కడ. 2005 జనవరిలో వైల్డ్ కార్డుతో (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే ప్రత్యేక ప్రవేశంతో) మెల్‌బోర్న్ వెళ్ళి మూడో రౌండు దాకా గెలిచింది, సెరీనా విలియమ్స్ చేతిలో ఓడింది, ఆ ఏడాది టైటిల్ సెరీనాదే. మరుసటి నెల హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు అయింది, అదీ సొంత ఊళ్ళో, హార్డ్ కోర్టు మీద. అంటే టోర్నమెంట్ మనకు ఉండేదండి, 2003 నుంచి 2005 దాకా. నిలబెట్టుకోలేదు. తర్వాత మెల్‌బోర్న్‌లోనే 2009లో మహేశ్ భూపతితో మిక్స్‌డ్ డబుల్స్, 2016లో హింగిస్‌తో డబుల్స్ గెలిచింది. 2023లో తన చివరి గ్రాండ్‌స్లామ్ కూడా అక్కడే, బోపన్నతో కలిసి ఫైనల్ ఆడి ఓడింది.

సింగిల్స్‌లో 2024లో సుమిత్ నాగల్ 31వ సీడ్ (ర్యాంకుల్లో ముందున్న ఆటగాళ్ళకి టోర్నమెంట్‌లో ఇచ్చే వరస సంఖ్య) బుబ్లిక్‌ని ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో సీడ్ ఉన్నవాణ్ణి భారతీయుడు ఓడించడం 1989లో, మళ్ళీ మెల్‌బోర్న్‌లోనే, రమేశ్ కృష్ణన్ విలాండర్ మీద గెలిచాక అదే. 35 ఏళ్ళు!

ఎందుకింత కష్టమంటే, 128 మంది ఆడే డ్రాలో (పోటీ పట్టికలో) 104 మంది నేరుగా ర్యాంకుతో వస్తారు. ఆ ర్యాంకు రావాలంటే ఏడాది పొడుగునా దేశాలు తిరిగి చిన్న టోర్నమెంట్లు ఆడాలి, ఆ ఖర్చు ఇంట్లోవాళ్ళే మోయాలి. ఇంటి దగ్గర టోర్నమెంట్లుంటే విమానం ఖర్చు మిగులుతుంది, వైల్డ్ కార్డు దొరుకుతుంది. చెన్నైలో ఏళ్ళ తరబడి జరిగిన మగవాళ్ళ టోర్నమెంట్ పుణెకి వెళ్ళింది, 2023 తర్వాత దేశం నుంచే పోయింది. మన శ్రీవల్లి రష్మిక, సహజ యమలపల్లి 2025లో పుణెలో మహిళల దేశాల జట్ల పోటీ బిల్లీ జీన్ కింగ్ కప్‌లో దేశానికి సింగిల్స్ ఆడారు. ఆ అమ్మాయిలు సొంత ఊరి జనం ముందు పెద్ద టోర్నమెంట్ ఆడే ఏర్పాటు రెండు రాష్ట్రాల్లో ఏ ఒక్కరు చేసినా చాలు, దాని కోసం ఈ పేజీలో ఎన్నిసార్లయినా రాస్తాను.

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు, జనవరిలో వెళ్తున్నాం. టికెట్లు చాలా ఖరీదు అంటున్నాడు. చూడడం కుదురుతుందా? – రిటైర్డ్ టీచర్, నెల్లూరు

తప్పకుండా కుదురుతుంది మాస్టారూ. ప్రధాన స్టేడియం రాడ్ లేవర్ అరీనాలో సీటు కోసం చూడకండి, గ్రౌండ్ పాస్ తీసుకోమనండి. మొదటి వారంలోనే వెళ్ళండి, రెండో వారానికి బయటి కోర్టులు ఖాళీ అవుతాయి. ఆ పాస్‌తో బయటి కోర్టులన్నీ తిరగొచ్చు. సర్వీస్ చేసేటప్పుడు ఆటగాడి ఊపిరి వినిపించేంత దగ్గరగా కూర్చుంటారు. ఒక కోర్టులో మగవాళ్ళ మ్యాచ్, పక్కదానిలో ఆడవాళ్ళది, ఆ పక్కన డబుల్స్. మనవాళ్ళు ఎక్కువగా ఆడేది డబుల్సే కాబట్టి ఉదయమే షెడ్యూలు చూసుకోండి. ప్రాక్టీసు కోర్టుల దగ్గర పెద్దపెద్దవాళ్ళు కనిపిస్తారు.

సిటీ నుంచి 70 నంబరు ట్రామ్ గేటు దాకా వెళ్తుంది. టోపీ, సన్‌స్క్రీన్, నీళ్ళ సీసా మరవకండి. దాంతోపాటు పల్చటి స్వెటర్ ఒకటి సంచిలో పెట్టుకోండి, అక్కడ మధ్యాహ్నం మాడిపోయే ఎండ కాసి, దక్షిణం గాలి తిరిగితే గంటలో చలేస్తుంది.