మొలక కట్టే ముందు గింజను చూడు బిడ్డా

బిడ్డా,

నువ్వడిగింది ఫోన్లో తెగే ముచ్చట కాదని రాస్తున్నా. రెండు రోజులు మూట కట్టినా కొర్రలు మొలకెత్తలేదని, పైగా పులిసిన వాసన వచ్చిందని బాధపడ్డావు. నీ చేతిలో లోపమేం లేదు. పాలమూరు మార్కెట్లో నువ్వు కొన్నవి కొర్ర బియ్యం. కొర్ర, సామ, అరికె, ఊద గింజలకు గట్టి పొట్టు ఉంటుంది. ఆ పొట్టు తీసే మిషన్లోనే మొలక వచ్చే కన్ను దెబ్బతింటుంది. వడ్లు మొలుస్తాయి గానీ బియ్యం మొలవవు కదా, ఇవీ అంతే. మిగిలినవాటిని ఆరేడు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి అన్నంలా వండు. మొలకలకైతే తైదలు (రాగులు), సజ్జలు తెచ్చుకో. కళ్ళంలో కొట్టగానే వాటి పొట్టు ఊడిపోతుంది, గింజకు దెబ్బ తగలదు.

జొన్న మొలకలు పచ్చిగా సలాడ్‌లో వేసుకుంటానన్నావు. అది మాత్రం వద్దే వద్దు. జొన్న కోసిన చెల్కలో వానకు లేచిన పిలకలు మేసి పశువులు పడిపోతే మన దిక్కు నాము తగిలిందంటారు, నువ్వూ వినే ఉంటావు. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలితే దాంట్లోంచి సైనైడ్ పుడుతుంది. ఎండు గింజలో అది లేనట్టే, మొలక వచ్చాకే పెరుగుతుంది. కాబట్టి జొన్నలను మొలక కట్టకుండా రొట్టె చేసుకో, గటక కాచుకో, గుడాలు వండుకో. ఏ భయమూ లేదు.

గుడాలకు పచ్చ జొన్నలు దొరికితే వదలకు, రుచి వాటిదే. రాత్రి నానేసి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, గ్లాసుకు మూడు గ్లాసుల కొత్త నీళ్ళు పోసి కుక్కర్ పెట్టు. ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి అరగంట ఉంచు. రెండు వేళ్ళ మధ్య నొక్కితే లోపల తెల్లటి పలుకు తగలకుండా మెదగాలి. పలుకు తగిలితే ఇంకో పది నిమిషాలు. ఆ తర్వాత ఎల్లిపాయ, ఎండుమిర్చి, ఉల్లిగడ్డతో పోపు పెట్టు.

ఇక తైదలు. ముందు చాటలో చెరిగి రాళ్ళు, మట్టి తీసెయ్యి. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగు, ఓపిక పట్టాల్సింది ఇక్కడే. రాత్రంతా నానాక నీళ్ళు పూర్తిగా వంచేసి, పలచని నూలు బట్టలో వదులుగా మూట కట్టు. బిగించి కడితే నడిమి గింజలకు గాలి ఆడక ముక్కిపోతాయి. పూటకోసారి విప్పి, కడిగి, మళ్ళీ కట్టు. ఎండాకాలమైతే ఒక రోజుకే తెల్లటి ముల్లు బయటపడుతుంది, చలికాలం రెండు రోజులు పడుతుంది. ముల్లు గింజంత పొడవైతే చాలు. జిగురొచ్చినా, వాసన మారినా మొహమాటం లేకుండా పారెయ్యి. బాగున్నవాటిని పలచగా ఆరబోసి, గలగలమనేదాకా ఎండాక చేత్తో నలిపితే వేర్లు రాలిపోతాయి. చెరిగి, కమ్మటి వాసన వచ్చేదాకా సన్న మంట మీద వేయించి గిర్నీకి పంపు.

ఇంత కష్టం ఎందుకంటావేమో. మామూలు తైద పిండి రెండు చెంచాలు వేస్తేనే జావ గడ్డకడుతుంది. మొలక పిండిలో పుట్టిన ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొడతాయి కాబట్టి, ఎక్కువ పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది. ఎనిమిది నెలల మన చిన్నదాని పొట్ట ఎంతని? ఆ కాస్త జావలోనే దానికి ఎక్కువ బలం అందుతుంది. 100 గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. గింజలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు; నానబెట్టి మొలకెత్తిస్తే అది తగ్గి, ఇనుము ఇంకా బాగా పడుతుంది. వేయించిన పిండే కదా అని నీళ్ళలో కలిపి పట్టకు, బాగా ఉడికించే పెట్టు.

బోరు నీళ్ళతో నానబెట్టకు. మన పాలమూరు, నల్గొండ జిల్లాల్లో ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి నీకు తెలిసిందే. గింజ ఆ నీళ్ళనే పీల్చుకుంటుంది, మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. ఇంట్లో తాగే నీళ్ళే వాడు. ఇంకోటి, విత్తనాల దుకాణంలో ప్యాకెట్ గింజలు బాగా మొలుస్తాయని ఎవరైనా చెబితే వినకు. వాటికి మందు పట్టించి రంగు వేస్తారు, అవి చేనుకే. కిరాణా కొట్లోవి తెచ్చుకో. బాగా పాతబడిన గింజలు సరిగ్గా మొలవవు, కాబట్టి ముందు గుప్పెడు కట్టి చూసుకో.

సజ్జలకూ ఇదే పద్ధతి, కాకపోతే వాటిలో నూనె ఎక్కువ. పిండి కొన్ని రోజులకే చేదెక్కుతుంది. వారానికి సరిపడా మాత్రమే ఆడించు.

నీ పెద్దమ్మ,
దేవరకొండ