రోబో చేతి వైద్యం చూసి రోబోటిక్స్ సీటు కొనవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అన్నయ్యకు చెవి నరం మీద కణితి పెరిగితే చెన్నైలో సైబర్‌నైఫ్ అనే రోబో యంత్రంతో చికిత్స చేశారు. కోత లేదు, కుట్లు లేవు, మత్తు ఇవ్వలేదు. ఏ రోజుకు ఆ రోజు నడిచి బయటికి వచ్చాడు. మా అమ్మాయి ఎంపీసీ పూర్తి చేసింది. ఫిజిక్స్ అంటే ఇష్టం, మార్కులు కూడా బాగానే వచ్చాయి, కానీ ఎన్‌ఐటీకి సరిపడే ర్యాంకు రాలేదు. హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీ వారు రోబోటిక్స్ బీటెక్‌లో మేనేజ్‌మెంట్ సీటు ఉందని, వెంటనే అడ్వాన్స్ కట్టమని అంటున్నారు. అది చదివితే ఇలాంటి యంత్రాల మీద పని దొరుకుతుందా? బీఎస్సీ చదివి రేడియేషన్ వైపు వెళ్లవచ్చని అమ్మాయికి ఎవరో చెప్పారట. ఆడపిల్ల రేడియేషన్ దగ్గర పనిచేయడం క్షేమమేనా? రెండు దారులనూ పోల్చి చెప్పగలరు.

జవాబు: మీ అన్నగారు కోలుకుంటున్నందుకు సంతోషం. ఆసుపత్రిలో ఒక గొప్ప యంత్రాన్ని చూసి వచ్చి, దాని పేరును బట్టి పిల్లల చదువును నిర్ణయించబోయే తల్లిదండ్రులు ప్రతి ఏడాది అడ్మిషన్ల కాలంలో నాకు ఉత్తరాలు రాస్తూనే ఉంటారు. మీరు పోలిక అడిగారు, చెబుతాను. కానీ మీ ఉత్తరం ఆసాంతం చదివితే నాకు కనిపించిన అసలు బెంగ వేరు. బీటెక్ కాకుండా బీఎస్సీలో చేరిస్తే అమ్మాయి వెనకబడిపోతుందేమో, ర్యాంకు రాక డిగ్రీలో చేర్చారని బంధువులు అనుకుంటారేమో అన్నది మీ భయం. రేడియేషన్ భయం ఆ తర్వాతిదే.

ముందుగా మీరు చూసిన యంత్రంలో ఏది ఎవరి పని అన్నది తెలుసుకోండి. కోత లేకుండా రేడియేషన్‌తో మెదడులోని ఒక చిన్న భాగానికి చికిత్స చేయవచ్చన్న ఆలోచనను స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లోనే ప్రతిపాదించారు. ఆయన పద్ధతిలో తల కదలకుండా లోహపు చట్రాన్ని స్క్రూలతో పుర్రెకు బిగించాల్సి వచ్చేది. ఆయన వద్ద శిక్షణ పొందిన స్టాన్‌ఫర్డ్ వైద్యుడు జాన్ ఆడ్లర్, ఆ చట్రం అవసరం లేకుండా ఎక్స్-రే చిత్రాల సాయంతోనే గురి కుదిర్చే యంత్రాన్ని, అంటే ఈ సైబర్‌నైఫ్‌ను రూపొందించగా, 1994లో స్టాన్‌ఫర్డ్‌లో తొలి రోగికి దానితో చికిత్స జరిగింది. శరీరంలో ఏ భాగంలోని కణితికైనా దానిని వాడేందుకు అమెరికా ప్రభుత్వ అనుమతి 2001లో లభించింది. ఇప్పటి యంత్రాల్లో మీరు చూసిన ఆ పెద్ద చేయి జర్మనీకి చెందిన కూకా కంపెనీ కార్ఖానాల కోసం తయారుచేసే రకం చేయే. ఆ చేతి చివర రేడియేషన్‌ను పుట్టించే చిన్న లీనియర్ యాక్సిలరేటర్‌ను అమర్చారు.

చికిత్స గదిలో పైకప్పుకు అమర్చిన రెండు ఎక్స్-రే గొట్టాలు మధ్యమధ్యలో చిత్రాలు తీస్తుంటాయి. కంప్యూటర్ వాటిని ముందే తీసి ఉంచిన సీటీ స్కాన్‌తో పోల్చి, రోగి కాస్త కదిలినా ఆ మేరకు చేతిని సర్దుతుంది. ఊపిరితిత్తుల్లోని కణితి శ్వాసతో పాటు పైకీ కిందికీ కదులుతుంటే దానిని కూడా వెంబడిస్తుంది. ఒక్కో దిక్కు నుంచి వచ్చే కిరణం బలహీనమైనదే, అయితే వంద దాటి దిక్కుల నుంచి వచ్చే కిరణాలన్నీ కణితి దగ్గర కలిసేసరికి అక్కడ మాత్రమే మోతాదు తీవ్రమవుతుంది. చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణజాలానికి దెబ్బ తక్కువగా తగులుతుంది. అందుకే సాధారణ రేడియేషన్‌లో, అంటే మన ఊళ్లలో కరెంటు పెట్టడం అనే చికిత్సలో, వారాల తరబడి ఇచ్చేదానిని ఇక్కడ ఒకటి నుంచి ఐదు విడతల్లో ముగించగలుగుతారు. అయితే ప్రతి కణితికీ ఇది పనికిరాదు. కణితి చిన్నదై, అంచులు స్పష్టంగా ఉన్నప్పుడే దీని బలం తెలుస్తుంది. మీ అన్నగారి కణితి కూడా మరునాటికే మాయమైపోయేది కాదు; అది పెరగడం ఆగిందా లేదా అన్నది నెలలు, ఏళ్ల తరబడి స్కాన్‌లు తీసి చూడవలసిందే. వాటిని మానకుండా చేయించండి.

ఇక ఆ కిరణాలు ఏ దిక్కు నుంచి, ఎంతసేపు, ఎంత మోతాదులో రావాలన్న నిర్ణయం చేతిది కాదు. ఎంత మోతాదు ఇవ్వాలో, ఏ అవయవాన్ని కాపాడాలో రేడియేషన్ ఆంకాలజిస్టు, అంటే రేడియేషన్‌తో కణితులకు చికిత్స చేసే వైద్యుడు చెబుతారు. మెదడు కణితి అయితే న్యూరోసర్జన్ కూడా పక్కన ఉంటారు. ఆ మాటను లెక్కగా, ప్లానుగా మార్చే మనిషి మెడికల్ ఫిజిసిస్ట్. రోజూ ఉదయం రోగి రాకముందే యంత్రం చెప్పిన మోతాదే ఇస్తోందా, చెప్పిన చోటికే గురి పెడుతోందా అని కొలిచి, సరిగ్గా ఉన్నాకే చికిత్స మొదలుపెట్టనిచ్చేది కూడా ఆ విభాగమే. గురిలో ఒక మిల్లీమీటరు తప్పినా మీ అన్నగారి వినికిడి నరానికో, మెదడు కాండానికో కలగగల ముప్పును అడ్డుకున్నది ఆ కొలతలే. రోగిని బల్ల మీద సరిగ్గా పడుకోబెట్టి, బయటి కన్సోల్ నుంచి యంత్రాన్ని నడిపేది రేడియోథెరపీ టెక్నాలజిస్టు. ఈ బృందంలో రోబోటిక్స్ బీటెక్ పట్టా ఉన్నవారి కుర్చీ నాకు కనబడలేదు.

మన దేశంలో రేడియోథెరపీ విభాగాల్లో ఎవరు పనిచేయాలో అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ నిర్ణయిస్తుంది. మెడికల్ ఫిజిసిస్ట్ కావాలంటే ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఆపైన రేడియోలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా చేయాలి. లేదా ఫిజిక్స్ ఒక ప్రధాన విషయంగా బీఎస్సీ చదివి, నేరుగా మెడికల్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేయాలి. ఏ దారిలో వెళ్లినా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పదు. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ఆ డిప్లొమాకు పేరున్న చోటు. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. డిప్లొమా దారిలో ఇంటర్ తర్వాత మొత్తం ఏడేళ్లు పడుతుంది. ఆ ఏడేళ్లలో మొదటి మెట్టు బీఎస్సీయే, బీటెక్ కాదు. ఇది మీకు అడ్వాన్స్ కట్టమని ఫోన్ చేస్తున్నవారు చెప్పని విషయం.

ఇప్పుడు ఆ రోబోటిక్స్ సీటు సంగతి. రోబోటిక్స్ చెడ్డ శాస్త్రం కాదు. నా అనుమానం ఆ పేరుతో కొత్తగా తెరుస్తున్న కోర్సుల మీద. రోబో చేయడానికి మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ మూడూ కావాలి. మూడింటినీ నాలుగేళ్లలో లోతుగా నేర్పాలంటే మంచి ల్యాబ్, అనుభవమున్న అధ్యాపకులు ఉండాలి. అవి లేనిచోట మూడూ పైపైన ముగిసిపోతాయి, చివరి సంవత్సరంలో పిల్లలు మళ్లీ కోడింగ్ నేర్చుకుని అందరితో పాటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వరుసలో నిలబడతారు. అది తప్పు కాదు. కానీ ఆ పని కంప్యూటర్ సైన్సో ఎలక్ట్రానిక్సో తీసుకుని మరింత గట్టిగా చేయవచ్చు. ఆసుపత్రి యంత్రాలను బిగించి, మరమ్మతు చేసే సర్వీస్ ఇంజనీర్ల ఉద్యోగాలు ఉన్నాయి, నిజమే. ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, బయోమెడికల్ పునాది గట్టిగా ఉన్నవారు ఆ పనికి సరిపోతారు. తమ యంత్రానికి కావలసిన శిక్షణను కంపెనీలే ఇచ్చుకుంటాయి. పైగా సైబర్‌నైఫ్ వంటి యంత్రాలు మన దేశంలో తక్కువ. ఒక్క యంత్రాన్ని నమ్ముకుని చదువు ఎంచుకుంటే ఆ యంత్రం పాతబడినప్పుడు చదువు కూడా పాతబడుతుంది. మెడికల్ ఫిజిసిస్టుకు ఆ ఇబ్బంది లేదు. మామూలు లీనియర్ యాక్సిలరేటర్ ఉన్న ప్రతి క్యాన్సర్ ఆసుపత్రికీ ఆ మనిషి కావాలి.

అయినా ఆ కాలేజీ మీదే మనసు ఉంటే, డబ్బు కట్టకముందు అమ్మాయిని వెంటబెట్టుకుని స్వయంగా వెళ్లండి. ల్యాబ్‌లో పనిచేస్తున్న రోబో చేయి ఉందా, దాన్ని విద్యార్థులు ముట్టుకోనిస్తారా, ముందు బ్యాచ్‌లు ఉంటే వారు ఇప్పుడు ఎక్కడ ఏ పని చేస్తున్నారు అని అడగండి. బ్రోచరు చూపించి మాట దాటేస్తే వెనక్కి వచ్చేయండి. ప్రవేశాల కౌన్సెలింగ్ కూడా పూర్తి కాకముందే సీటు అయిపోతోందని తొందరపెట్టేవారిని నేను నమ్మను, మీరూ నమ్మవద్దు.

రేడియేషన్ విషయంలో మీ భయం సహజమైనదే, కానీ దానికి గట్టి సమాధానం ఉంది. యంత్రం పనిచేస్తున్నప్పుడు మందపాటి కాంక్రీటు గోడల గదిలో రోగి తప్ప మరెవరూ ఉండరు. సిబ్బంది బయట కెమెరాల్లో చూస్తుంటారు. లీనియర్ యాక్సిలరేటర్‌కు విద్యుత్తు ఆపగానే కిరణాలు ఆగిపోతాయి. ప్రతి ఉద్యోగీ ఛాతీ మీద ధరించే చిన్న బ్యాడ్జీ ఎంత రేడియేషన్ తగిలిందో నమోదు చేస్తుంది. శరీరానికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు; ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదన్నది ఏఈఆర్‌బీ నియమం. గర్భిణి అయిన ఉద్యోగిని ఆ సంగతి తెలియజేస్తే, మిగిలిన కాలానికి కడుపులోని బిడ్డకు పరిమితి 1 మిల్లీసీవర్టు. ప్రకృతి నుంచి మనందరికీ ప్రపంచ సగటున ఏడాదికి తగిలేదే సుమారు 2.4. రేడియేషన్‌ను కొలవడమే వృత్తిగా ఉన్నవారికి తమ పరిసరాల్లో ఎంత ఉందో అందరికంటే ముందు తెలుస్తుంది. ఈ కారణం చూపి అమ్మాయిని ఆపకండి.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. ఇంత పెద్ద ఉత్తరంలో అన్నగారి కణితి గురించి, కాలేజీ వారి ఒత్తిడి గురించి, అడ్వాన్స్ గురించి రాశారు. అమ్మాయి ఏం కావాలనుకుంటోందో ఒక్క వాక్యం లేదు. ఫిజిక్స్ అంటే ఇష్టం అని రాసి, ఫిజిక్స్ చదివే దారిని అనుమానించారు. రేడియేషన్ వైపు వెళ్లవచ్చని ఎవరో చెప్పారట అన్నారే, ఆ ఎవరో ఎవరని అడిగారా? తనే వెతుక్కుని తెలుసుకుని ఉండవచ్చు. డిగ్రీ అంటే ర్యాంకు రానివాళ్ల చదువు అన్న మాట మన జిల్లాల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, మంచి మార్కులున్న పిల్లలు కూడా నోరు తెరిచి బీఎస్సీ అడగలేకపోతున్నారు. ఆ మాట ఇంట్లో మీ నోటి నుంచి రాకూడదు. బంధువులు ఒక పూట మాట్లాడి వెళ్లిపోతారు, చదవవలసింది ఆమె.

ఇబ్బందులూ చెబుతాను. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోటీపడదు. ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్ వంటి నగరాల్లోనే ఉంటాయి, వరంగల్‌లో కోరుకున్న వెంటనే దొరకకపోవచ్చు. ఎమ్మెస్సీకి, డిప్లొమాకు రాష్ట్రం దాటి పంపవలసి రావచ్చు. అందుకు ఇప్పుడే సిద్ధపడండి. మధ్యలో మనసు మారినా, ఫిజిక్స్ ఎమ్మెస్సీతో అధ్యాపక వృత్తి, పరిశోధన తెరిచే ఉంటాయి, కాబట్టి ఆ చదువు వృథా పోదు.

డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండే బీఎస్సీలను ఆప్షన్లుగా పెట్టించండి. హనుమకొండలోనే సుబేదారి యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, వడ్డేపల్లి పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల ఉన్నాయి. మొదటి మూడేళ్లకు ఇల్లు వదలవలసిన పని లేదు. ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) కౌన్సెలింగ్‌ను కూడా వదలకండి, ఎలక్ట్రానిక్స్‌లో మంచి కాలేజీ కన్వీనర్ కోటాలో వస్తే ఇద్దరూ కూర్చుని ఆలోచించండి. ఈలోగా హైదరాబాద్ వెళ్లినప్పుడు ఏదైనా క్యాన్సర్ ఆసుపత్రి రేడియోథెరపీ విభాగంలో ముందుగా అనుమతి తీసుకుని, అక్కడి ఫిజిసిస్టుతో అమ్మాయిని కాసేపు మాట్లాడనివ్వండి. ఆ సంభాషణలో మీరు బయట కూర్చోండి. ఆ తర్వాత ఏం నిర్ణయించుకుందో ఆమెనే నాకు రాయమనండి. అప్పటివరకు అడ్వాన్స్ రూపాయి కూడా కట్టవద్దు.