డైరీ రాస్తున్న యువ రచయితకు

హనుమకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన డైరీ పేజీలూ అందాయి. రచయిత కావాలనుకునేవారికి డైరీ తప్పనిసరా అని అడిగావు. తప్పనిసరి అనను, డైరీ జోలికి పోకుండానే మంచి కథలు రాసినవాళ్లు ఉన్నారు. కానీ నువ్వు ఇప్పటికే రాస్తున్నావు కాబట్టి, ఎలా రాస్తే అది నీకు అక్కరకొస్తుందో నాకు తోచినంత చెబుతాను.

ఆ పేజీల్లో ఎక్కువ భాగం నీ మనసు గురించే ఉంది. మిర్చి అమ్మడానికి మీ నాన్నతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లిన రోజున రెండే వాక్యాలు రాశావు: ధర రాలేదని, నాన్న ముఖం చూస్తే దుఃఖం వచ్చిందని. ఆ దుఃఖం నిజమైనదేనని నాకు తెలుసు. అయితే పదేళ్ల తర్వాత ఆ పేజీ తెరిస్తే దుఃఖమన్న మాట మిగిలి ఉంటుంది గానీ ఆ రోజు కనబడదు. ఆనాడు జెండా పాట, అంటే వేలంలో వచ్చిన పై ధర, ఎంత పలికింది, మీ బస్తాలకు ఎంత కట్టారు, తేమ ఉందని కోత పెట్టారా, తాలు (రంగు పోయిన కాయలు) ఉందన్నారా, కాంటా అయ్యేదాకా మీ నాన్న ఎక్కడ కూర్చున్నాడు, పాత బాకీ పట్టుకుని అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) చేతిలో పెట్టిన తక్‌పట్టీని, అంటే అమ్మకం లెక్క చీటీని, ఆయన చదివాడా, చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడా, ఇంటిదాకా ఏమైనా మాట్లాడాడా? ఇవి రాసి ఉంటే, బాధ అన్న మాట ఒక్కసారి కూడా రాయనక్కరలేకుండా ఆ బాధంతా అక్కడే ఉండేది.

మనకు భావం చాలాకాలం గుర్తుంటుంది, వివరం మాత్రం తొందరగా జారిపోతుంది. జారిపోయిన చోట మనసు తనకు నచ్చినదేదో పెట్టి పూడ్చుకుంటుంది. అందుకే చూసిన రోజు రాత్రే రాయాలి.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి బయలుదేరి, హైదరాబాదు దాటాక నిర్మల్ మీదుగా, అంటే మన ఉత్తర తెలంగాణ నేల మీదుగానే, నాగపూర్ దారి పట్టాడు. 1831లో మళ్లీ మద్రాసు చేరేవరకు ఏ మజిలీలో నీళ్లు ఎలాంటివి, దిగడానికి చోటుందా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, బాట ఎలా ఉంది అని రాస్తూ పోయాడు. మిత్రుడికి తెలియజేయడానికి రాసిన ఆ సంగతులు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఆ కాలంలో ఈ దారులు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ మనం ఆయన్నే అడగాలి. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దగ్గర దుబాసీగా, అంటే మాటలు అనువదించే మధ్యవర్తిగా, ఉన్న ఆనందరంగ పిళ్లై 1736 మొదలు 1761 దాకా తమిళంలో రాసుకున్న దినచర్య కూడా అలా ఓడల రాకపోకలతో, సరకుల బేరాలతో, దర్బారు మాటలతో నిండినదే.

నిన్ను గట్టిగా హెచ్చరించవలసిన విషయం ఒకటుంది. మీ ఇంట్లోవాళ్ల మాటలను పుస్తకాల భాషలోకి దిద్ది రాస్తున్నావు. మీ అవ్వ "గీ యేడు వానలు ఎనుకకు వడ్డయి" అని ఉంటే, ఈ సంవత్సరం వర్షాలు ఆలస్యమయ్యాయని మార్చకు. అలా మార్చినప్పుడు అవ్వ గొంతు పోతుంది, ఆ గొంతును తర్వాత ఎంత ప్రతిభ ఉన్నా కల్పించలేవు. జనం పలుకుబడే భాషకు ప్రాణమని జీవితమంతా చెప్పిన కాళోజీ మన వరంగల్ మనిషి. ఆయన పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొనే మనమే ఇంటి మాటకు మొహం చాటేయకూడదు.

తేదీ తేదీకి ఒక పేజీ అచ్చువేసిన డైరీ కొనకు. మామూలు గీతల నోటుబుక్కు చాలు. ఏమీ జరగని రోజుకు మూడు వాక్యాలు సరిపోతాయి, చావో పెళ్లో జరిగిన రోజుకు పది పేజీలైనా చాలవు, ఆ కొలతను కాగితానికి వదలకూడదు. రాయని రోజులుంటే ఖాళీగానే వదిలెయ్, ఊహించి నింపకు. వాక్యం బాగా రాలేదని కొట్టేసి మళ్లీ రాయడం కథకు అవసరం, డైరీకి కాదు.

ఇంకో మాట. డైరీలో ఉన్నది యథాతథంగా కథలో పెట్టే హక్కు నీకుందని అనుకోవద్దు. పక్కింటివాళ్ల తగాదా, స్నేహితుడు నమ్మి చెప్పిన రహస్యం నీ నోటుబుక్కులోకి వచ్చినంత మాత్రాన నీ సొత్తు కావు. వాళ్లను గుర్తుపట్టే వీల్లేకుండా మార్చగలిగినప్పుడే, అదీ కథకు నిజంగా కావాలంటేనే, వాడుకో.

ఇక ఆ పేజీలను ఈ ఉత్తరంతోపాటు తిప్పి పంపుతున్నాను. ఎవరో చదువుతారని తెలిస్తే చెయ్యి తెలియకుండానే అందంగా రాయడానికి పోతుంది, నీ చివరి పేజీల్లో అది నాకు కనిపించింది. కాబట్టి డైరీ ఇకమీదట నాకు కూడా చూపించకు. మార్కెట్ రోజు మీద కథ రాస్తే మాత్రం తప్పకుండా పంపు, చదివి వివరంగా జవాబు రాస్తాను.

శుభాకాంక్షలతో.